ఎండకు వీపు పెట్టి

మురుగు కాలువలో ఆకులు తీయాలి. గేటు పక్క కంచె కత్తిరించాలి. ఎండిపోయిన గులాబీ మొక్కలు పీకేయాలి. సాయంత్రం నాలుగింటికి గడ్డి తడపాలి. ఆసుపత్రి మేస్త్రీ తోటమాలికి పొద్దున్నే అప్పగించిన పనులివి. తొమ్మిదింటికే పైపు పట్టుకోవడం ఇందులో లేదు. అయినా పట్టుకున్నాడు.

గడ్డికి ఎదురుగా ఒంటి అంతస్తు వార్డు. అందులో కిటికీ పక్క మంచం మీద అతని అక్క ఉంది. ఇదే ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు ఉతికింది. వాన వస్తే నలుగురూ ఆకాశం చూసేవారు; ఆమె తీగల మీది బట్టల కోసం పరుగెత్తేది. ఇంద్రధనుస్సు ఒక్కసారీ చూడలేదని ఆమధ్య నవ్వుతూ చెప్పింది.

అప్పటినుంచి వారంపాటు ప్రతి సాయంత్రం కిటికీ ముందు నీళ్ళు చిమ్మాడు. అతనికి ఏడు రంగులూ కనిపించాయి.

"చూశావా అక్కా?"

"ఉత్త నీళ్ళేరా. చిన్నప్పట్నుంచీ నీవన్నీ కోతలే."

ఆమె చూపు పోయిందనుకుని కుమిలిపోయాడు. నిన్న వేరొకడు గడ్డి తడుపుతుంటే అక్క పక్కన కూర్చుని చూశాడు. తనకీ ఉత్త నీళ్ళే కనిపించాయి. పడమటి ఎండ నేరుగా కళ్ళలో కొడుతోంది. అప్పటికిగాని బుర్రకెక్కలేదు: చూసేవాళ్ళ వీపు వెనక ఎండ ఉండాలి. ఈ కిటికీకి ఆ అదను పొద్దుటే. అక్కకిక ఎన్నో రోజుల్లేవని నర్సు ముందే చెప్పింది.

వార్డు నీడ దాటిన చోట, పైపు మూతి బొటనవేలితో నొక్కి తుంపర లేపాడు. ఇప్పుడు ఎండ అతని ముఖం మీద ఉంది. అతనికి ఏ రంగూ కనిపించదు. ఉందో లేదో అక్కే చెప్పాలి.

"కనిపిస్తోందా?"

గాజు వెనక ఆమె ముఖం ఇటే తిరిగి ఉంది.

"ఏరా, పొద్దున్నే గడ్డికి తలంట్లా?" మేస్త్రీ అరిచాడు. "కాలువ మీ తాత తీస్తాడా?"

"రెండు నిమిషాలు మేస్త్రీ, మీ పుణ్యముంటుంది."

చెయ్యి తిమ్మిరెక్కింది. నర్సు వచ్చి అక్క మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. అతని వేలు పట్టు తప్పింది. తుంపర కూలిపోయింది.

నర్సు కిటికీ తెరిచింది. "ఇలా రావయ్యా."

"చూసిందామ్మా?"

"ఎవరు, ఏం చూడాలి?" అందామె మెల్లగా. "ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది."

వాన వెలిశాక తలెత్తి చూసే తీరిక మీకు దొరికితే, ఆమెను ఒక్కసారి తలచుకోండి. మంచం మీద ఆమె మడతపెడుతున్న తువ్వాలు ఉండిపోయింది: రెండు మూలలు కలిసి, మిగతా రెండూ కలవకుండా ఆగిపోయి.