ఆఖరి షాట్‌కి ముందు గుమ్మడికాయ

క్యారవాన్ తలుపు గడియ వేసి, మొక్కచామి నేల మీద కూర్చుని సెందూరన్ ఎడమ కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. మోకాలు వాచి పనసకాయలా ఉంది. వేలితో నొక్కితే గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు.

"అణ్ణే, ఈ కాలుతో మేడ మీంచి మేడ మీదికి దూకుతావా?"

"గుడ్డ బిగించి కట్టరా. పురాణం విప్పకు."

"పన్నెండడుగుల సందు. మూడంతస్తుల ఎత్తు. నడుముకి తాడు కూడా వద్దన్నావంట."

"కింద పాతికమంది పత్రికలవాళ్లున్నారు. తాడు కట్టుకుంటే రేప్పొద్దున నన్ను తోలుబొమ్మ అంటారు."

ఇరవై ఆరేళ్లుగా సెందూరన్‌కి డూప్ మొక్కచామే. శివకాశిలో అగ్గిపుల్లలు పేర్చుకునే కుర్రాడు 'అంజాసింగం' అయి, భయమెరగని సింహమని తమిళనాడంతా కటౌట్లకెక్కాడంటే, ఆ సింహం దూకిన దూకుళ్లలో సగం ఉసిలంపట్టి నుంచి వచ్చిన ఈ మొక్కచామివి. వీపూ పిక్కలూ ఇతనివి, ముఖమూ పేరూ అతనివి. ఇద్దరికీ ఆ పంపకం బాగానే ఉండేది.

ఈమధ్యే చెడింది. మూడు సినిమాలు వరసగా పడుకున్నాయి. ఆ పైన ఎవడో ఫోన్‌తో తీసిన ముక్క ఊరంతా తిరిగింది. అందులో గుర్రం మీంచి పడింది మొక్కచామి, ఒళ్లు దులుపుకుంటూ లేచింది సెందూరన్. అవతలి హీరో అభిమానులు 'డూప్‌సింగం' అని పేరు పెట్టి, మధురైలో అతని కటౌట్‌కి పాలకి బదులు పులిసిన మజ్జిగ పోశారు. కొత్త సినిమా పాటల విడుదల వేడుకలో సెందూరన్ ఉక్రోషం పట్టలేక మైకు ముందు ఒట్టేశాడు. ఈ సినిమాలో డూప్ లేడు, ఆఖరి దూకుడు అందరి కళ్లెదుటే దూకుతానన్నాడు. అప్పటికి మోకాలు ఇంత ముదరలేదు.

"పోనీ, పైకెళ్లాకైనా చెవి పట్టుకో అణ్ణే. ఏదో ఒకటి చేస్తా."

అది వాళ్లిద్దరి సైగ. షాట్ ముందు సెందూరన్ కుడి చెవి తమ్మె పట్టుకున్నాడంటే, నావల్ల కాదు, నువ్వెళ్లు అని. వెంటనే ఎవరో మేకప్ అని అరుస్తారు, గొడుగు అడ్డం పెడతారు, గొడుగు తీసేసరికి లోపలి మనిషి మారిపోతాడు.

"ఇవాళ చెవీ లేదు, ముక్కూ లేదు. నువ్వు జనం కంటపడకు. కనిపించావంటే డూప్ వచ్చాడని రాసేస్తారు."

"చస్తావు."

"చస్తే సింహంలా చస్తా. కుంటిమేకలా బతకమంటావా?"

రాయపురం పాత గోదాముల మీద మధ్యాహ్నపు ఎండ కాగిన పెనంలా ఉంది. అడ్డంగా కట్టిన వెదురు గడల అవతల అభిమానులు డప్పులు వాయిస్తూ ఈలలేస్తున్నారు. మొక్కచామి నెత్తిన తువ్వాలు కప్పుకుని రెండు మేడల మధ్య సందులోకి దూరి, పడితే దెబ్బ తగలకుండా పేర్చిన అట్టపెట్టెలు సర్దబోయాడు. ఫైట్ మాస్టర్ దిలావర్ పట్టేశాడు.

"నిన్ను వ్యాన్‌లో ఉండమన్నారుగా?"

"మీ పిల్లలు పెళ్లిపందిరి వేసినట్టు పేర్చారు మాస్టర్. ఇక్కడ పంపు దిమ్మ ఉంది, చూశారా? దాని మీద పెట్టె నిలవదు."

దిలావర్ గొంతు తగ్గించాడు. "చూశాను. చెప్పాను కూడా. వింటేనా? నువ్వు పో ఇక్కణ్ణించి."

మొక్కచామి వెనక్కి నడిచి కెమెరా పక్కన ఆగాడు. అక్కడ స్టూలు మీద గుమ్మడికాయ సిద్ధంగా ఉంది, కుంకం అద్ది, పైన కర్పూరం పెట్టి. సినిమాకి ఇదే ఆఖరి షాట్. ఓకే అనగానే మేనేజరు దాన్ని నేలకేసి కొడతాడు. కొట్టాక ఆ సినిమాకి కెమెరా తిరగకూడదు. ఒకసారి ఎవరో కొట్టాక కూడా ఇంకో షాట్ తీశారనీ, క్రేన్ విరిగి లైట్‌మన్ పోయాడనీ కోడంబాక్కం స్టూడియోల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పైన పిట్టగోడ మీద సెందూరన్ కనిపించాడు. డప్పులు రెట్టింపయ్యాయి. కొలత కోసం నాలుగడుగులు వేసి చూసుకున్నాడు. నాలుగో అడుగు ఎడమ కాలిది. అది పడలేదు, ఈడ్చుకొచ్చింది. జనానికి అది స్టైల్. మొక్కచామి స్టూలు దగ్గరికి జరిగాడు.

కుర్ర డైరెక్టర్ ఎళిల్ మైకులో అరిచాడు. "రెడీ సార్? కెమెరా..."

సెందూరన్ చెయ్యి కుడి చెవి దగ్గరికి వెళ్లింది. పట్టుకున్నాడో, చెమట తుడుచుకున్నాడో, ఇంత కిందనుంచి తెలియలేదు. ఆలోచించే వ్యవధి లేదు.

మొక్కచామి గుమ్మడికాయని రెండు చేతులా తలపైకెత్తి నేలకేసి కొట్టాడు.

డప్పులు ఆగిపోయాయి. కుంకం నీళ్లు కెమెరా కాళ్ల మీద చిందాయి.

"ఎవడ్రా నువ్వు!" ఎళిల్ గొంతు చీలింది. "ఇంకో కాయ తెండి! షాట్ తీసేద్దాం!"

కెమెరా అసిస్టెంట్ అప్పటికే లెన్సుకి మూత పెట్టేశాడు. రిఫ్లెక్టర్ పట్టుకున్న ముసలాయన దాన్ని నేలమీద పడుకోబెట్టి, చేతులు దులుపుకున్నాడు. "రెండో గుమ్మడికాయ ఏ ఊరి పద్ధతి తంబీ? మాకు పెళ్లాం బిడ్డలున్నారు."

దిలావర్ వచ్చి మొక్కచామిని చెంప పగిలేలా కొట్టాడు. "నీ యూనియన్ కార్డు పోయిందిరా. నువ్వింక ఏ సెట్లోనూ దూకవు." ఆ కళ్లలో మాత్రం కోపం కనపడలేదు.

విలేకరులు చుట్టుముట్టారు. నువ్వెవరన్నారు. డూప్‌వా అన్నారు.

"పెట్టెలు మోసేవాణ్ణి సార్. షాట్ అయిపోయిందనుకున్నా. పొద్దుట్నించి ఎండలో బుర్ర తిరిగింది."

సెందూరన్ మెట్లు దిగి వచ్చేసరికి చాలాసేపయింది. ముఖం పాలిపోయి ఉంది. మైకులన్నీ అటు తిరిగాయి.

"దూకడానికి కాలు లేపాను, మీరే చూశారు," అన్నాడు. వేలు చూపించాడు. "వీడు రేపట్నించి నా కంటికి కనపడకూడదు."

అంజాసింగం, అంజాసింగం అని జనం ఊగిపోయారు. మొక్కచామి చెంప తడుముకుంటూ తలొంచుకున్నాడు. అయినా అలవాటైన కాళ్లు, ఎప్పటిలాగే రెండడుగులు వెనగ్గా క్యారవాన్ దాకా నడిచాయి.

మొదటి మెట్టు దగ్గర సెందూరన్ ఆగిపోయాడు. కాలు లేవడం లేదు. వెనక విలేకరుల కెమెరాలు ఇంకా తిరుగుతున్నాయి. అతను ఎటూ చూడకుండా కుడి చెయ్యి పక్కకి చాచాడు.

అక్కడ మొక్కచామి భుజం ఉంది.

వేళ్లు దిగబడ్డాయి, గోళ్లు చొక్కాలోంచి కండకి తగిలేంతగా. ఒక మెట్టు, రెండో మెట్టు. చెవి పట్టుకున్నావా అణ్ణే అని అడగాలని నోటిదాకా వచ్చింది. అంతలో చెయ్యి వదిలింది, తలుపు మూసుకుంది.

మొక్కచామి పాదాలకి అంటిన గుమ్మడి గింజలు దులుపుకుని గేటువైపు నడిచాడు.