విందు స్టాండు

ట్యూబు చూసి మనిషి గుట్టు పట్టేస్తాడని రక్తపరీక్షల సూదాయనకి పేరు. రక్తం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి బయటికి తీస్తే, అడుగున ఎర్రటి గడ్డ, పైన ఎండుగడ్డి రంగులో తేటనీరు ఉండాలి. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని ఒట్లు పెట్టి, కడుపునిండా తినొచ్చినవాళ్లది పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. అలాంటిది పనికిరాదని పారేసి, మర్నాడు రమ్మంటే సరిపోతుంది. సూదాయనకి అది చాలదు. కౌంటరు మీద పది రంధ్రాల చెక్క స్టాండు ఒకటి పెట్టాడు. దానికి విందు స్టాండు అని ఆయనే పేరు పెట్టాడు. తెల్ల ట్యూబును తెచ్చి, పేరు జనానికి కనబడేలా తిప్పి అందులో గుచ్చేవాడు.

"ఏం బాబాయ్, రాత్రి ఎవరింట్లో భోజనం? మమ్మల్ని పిలవలేదే?"

బెంచీల మీదవాళ్లు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ బాబాయ్ తలెత్తకుండా వెళ్లిపోయేవాడు.

ఇంటి ముందు గదే ల్యాబు. వెనకాల రెండు గదులూ వంటిల్లూ. సూదాయన భార్య రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివింది. ఆ చదువు ఇప్పుడు రోజూ సాయంత్రం విందు స్టాండు కడగడానికి పనికొస్తోంది. ట్యూబులు తీసి ఎర్ర బుట్టలో పడేసి, రంధ్రాల్లో సన్న బ్రష్షు పెట్టి రుద్దేది. భర్త ఎగతాళి ఆవిడకి నచ్చేది కాదు గానీ, పనికి మాత్రం వంక పెట్టలేకపోయేది. ప్రతి లేబులు మీదా పేరు, తేదీ, ఎన్ని గంటల ఉపవాసమో గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. "మనుషులు అబద్ధాలాడతారు. లేబులు ఆడకూడదు" అనేవాడు.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఇరవై ఏళ్లది. చిన్నప్పటి నుంచీ ఉండుండి కడుపునొప్పి అంటుంది. దానికి తండ్రి 'పరీక్షల నొప్పి' అని పేరు పెట్టాడు. మోచేతుల మీద ఆవగింజలంత పసుప్పచ్చటి పొక్కులు లేస్తే, తల్లి చెమటకాయలనుకుని పౌడరు రాసేది. ఈమధ్య నొప్పి వారానికి రెండుసార్లు వస్తుంటే, సరే, అన్నీ ఒకసారి చూసేద్దామన్నాడు సూదాయన. అమ్మాయి ముందురోజు రాత్రి ఏమీ తినకుండా పడుకుని, పొద్దున్నే చెయ్యి చాపింది.

యంత్రం ఆగింది. ట్యూబులో చిక్కటి పాలు.

ఆయన దాన్ని దీపానికి అడ్డంగా పెట్టి చూశాడు. బెంచీల వైపు చూశాడు. తర్వాత నవ్వేశాడు.

"ఈ కౌంటరు దగ్గర తన, పర లేదు. ఇవాళ విందు మా ఇంట్లోనే!"

"మరీ అంత తెల్లగా ఉందేంటి సూదాయనా? వెన్నముద్ద మింగిందా ఏంటి?" అని ఎవరో అన్నారు.

"వంటింటికి తాళం వేయించండి. లేకపోతే ఇల్లు గుల్ల చేస్తుంది" అని బెంచీ మీద ఇంకొకరు అందుకున్నారు.

అమ్మాయి ముఖం కందగడ్డయింది. లోపలికొచ్చి, "అమ్మా, నేను తినలేదు" అంది.

"నాకు తెలుసమ్మా."

తెలుసన్నదే గానీ, మధ్యాహ్నం పిల్లని బజారుకు పంపి పరుపు ఎత్తి చూసింది. దిండు గలీబులో చెయ్యి పెట్టి తడిమింది. బిస్కెట్టు రజనైనా దొరికితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. గుమ్మంలో చప్పుడైంది. సంచీ మర్చిపోయి వెనక్కి వచ్చిన కూతురు అక్కడే నిలబడి ఉంది.

"దొరికిందా అమ్మా?"

మూడు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష. ఈసారి తల్లి వంటింటికి తాళం వేసి, చెవి తన దిండు కింద పెట్టుకుని, కూతురి పక్కనే పడుకుంది. పన్నెండు గంటలు చాలని తెలిసి కూడా పదహారు గంటలు మాడ్చింది. మళ్లీ పాలే. మొదటిసారి కన్నా చిక్కగా.

"తల్లీకూతుళ్లిద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేద్దామనుకున్నారా?" అన్నాడు సూదాయన అందరూ వినేలా.

ఆవిడ ఎన్నడూ లేనిది కౌంటరు దాకా వచ్చింది. "ఏవండీ, తాళంచెవి నా దగ్గరే ఉంది. రాత్రంతా కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాను. పిల్ల మంచం దిగలేదు."

"నువ్వు ఒకటి చెబుతున్నావు. ట్యూబు ఇంకోటి చెబుతోంది. నన్ను ఎవరి మాట నమ్మమంటావే?"

బెంచీలు గొల్లుమన్నాయి. ట్యూబు స్టాండెక్కింది.

ఆ సాయంత్రం స్టాండు కడగబోతే కూతురి ట్యూబు కనబడలేదు. సిగ్గేసి భర్తే పారేసి ఉంటాడనుకుంది.

ఆ తర్వాత ఆయన పరీక్ష ఊసెత్తలేదు. కన్నకూతుర్ని పదహారు గంటలు మాడ్చి, ఆపైన నలుగురిలో నవ్వులపాలు చేశానన్న బాధ ఆవిణ్ణి కుదురుగా ఉండనివ్వలేదు. రొట్టెకి వేలెడు మందాన వెన్న రాసింది. పాలల్లో మీగడ కలిపింది. గుడ్లు నూనెలో ఈదించింది.

"వద్దమ్మా. తింటే నొప్పొస్తోంది."

"ఖాళీ కడుపుకి నొప్పి రాక ఏం చేస్తుంది? నోరు మూసుకుని తిను."

ఒకరోజు భోజనాల దగ్గర సూదాయన ఆ వెన్న గిన్నె వైపు చూసి ఏదో అనబోయాడు. భార్య తలెత్తి చూసేసరికి ఉప్పు అందుకున్నాడు.

పన్నెండో రోజు అమ్మాయి స్నానాలగది గడప మీద పడిపోయింది. మెలికలు తిరిగిపోతూ, అరవడానికి కూడా ఊపిరి చాలక నేలని గోళ్లతో గీరింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాళ్లిద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి చెప్పింది.

"నూనె, వెన్న నీళ్లలో కలవవు కదా. అందుకని పేగులు వాటిని చిన్న చిన్న మూటలు కట్టి రక్తంలోకి పంపుతాయి. రక్తనాళాల గోడల మీద ఒక ఎంజైము ఉంటుంది. మూటలు విప్పి, సరుకు దింపే పని దానిది. మీ అమ్మాయికి పుట్టుకతోనే అది లేదనుకుంటున్నాను. మూటలు దిగవు. రోజుల తరబడి తిరుగుతూనే ఉంటాయి. వాటివల్ల పొట్ట వెనకుండే క్లోమం వాచి, తనని తనే అరిగించుకుంటోంది."

ఆ ఎంజైము పేరు తల్లికి తెలుసు. లైపేజ్. డిగ్రీ పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. నాలుగూ వచ్చాయి.

"ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం తెల్లగా కనబడిందా?"

"రెండుసార్లు తీశాను. తినొచ్చిందనుకుని పారేశాను" అన్నాడు సూదాయన.

"అయ్యో. ఒక్క రాత్రి ఫ్రిజ్‌లో నిలబెట్టినా తెలిసిపోయేదే. ఆ మూటలు పైకి తేలి మీగడ కడతాయి. ఉపవాసం ఉన్న మనిషి రక్తం మీగడ కట్టకూడదు."

సూదాయన తల వంచుకున్నాడు. ఆయన భార్యకి ఆ సాయంత్రం స్టాండులో ఖాళీగా ఉన్న రంధ్రం గుర్తొచ్చింది. బట్టలు తెస్తానని లేచి ఇంటికి వెళ్లింది. ల్యాబు ఫ్రిజ్ ఆవిడ ఏనాడూ తెరవలేదు. తెరిచి, అడుగు అరలో డబ్బాలన్నీ పక్కకి జరిపింది.

ట్యూబు నిటారుగా నిలబెట్టి ఉంది. పైన తెల్లటి మీగడ బిళ్ల, దాని కింద తేటనీరు. లేబులు మీద కూతురి పేరు, రెండో పరీక్ష తేదీ. కింద గుండ్రటి అక్షరాలు: 'పదహారు గంటల ఉపవాసం. నిజం.' ఆ కింద మర్నాటి తేదీ వేసి, 'మీగడ కట్టింది.'

ఒక్క కొట్టివేత లేదు.

ఆవిడ తిరిగొచ్చేసరికి కూతురి నోట్లో గొట్టం పెట్టారు. యంత్రం ఊపిరి పోస్తోంది. డాక్టరమ్మ ట్యూబును వెలుతుర్లో పట్టుకుని లేబులు చదివింది. రెండుసార్లు చదివింది.

"పదకొండు రోజుల కిందటే తెలుసన్నమాట. అప్పుడే నూనె, వెన్న మానేసుంటే ఇంతదాకా వచ్చేది కాదు." ట్యూబు తిరిగి తల్లి చేతికిచ్చి, సూదాయన ముఖం చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది.

వరండాలో ఇద్దరే మిగిలారు. ఎదురు బెంచీ మీద ఎవరో రోగుల తాలూకు వాళ్లు.

"ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటావే? అందరి ముందూ స్టాండులో పెట్టేశాక?" గొంతు తగ్గించాడు. "నువ్వు వెన్న పెడుతుంటే చెబుదామనే అనుకున్నాను."

ఆవిడ ఎదురు బెంచీ వైపు చూసింది.

"ఆ రోజు బెంచీల మీద ఎంతమంది ఉన్నారు?"

"ఎనిమిది మంది" అన్నాడు. తడుముకోలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ బయటికి రాలేదు. నర్సు వచ్చింది. "చూడాలనుకుంటే ఇప్పుడే రండమ్మా" అంది.

సూదాయన గబుక్కున లేచాడు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టింది.

"మీరు ఇక్కడే ఉండండి. ఇది పట్టుకోండి."

ట్యూబును ఆయన గుప్పిట్లో పెట్టి, లేబులు బయటికి తిప్పి, లోపలికి వెళ్లింది. ఎదురు బెంచీ మీదవాళ్లు అటే చూస్తున్నారు.