కొయ్యమొహం లేని ఫొటో

పెట్టె తెరుచుకోకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. ఆ పెట్టె తాళంచెవి మా ఆయన మొలతాటికే వేలాడుతుంటుంది. ఆయనకు మాత్రం చెప్పలేదు.

మొదటి నెల పండగ అయిపోగానే మా ఊళ్ళో దేవుళ్ళ ఆటలో కట్టుకునే కొయ్యమొహాలను తుడిచి, ఎర్రగుడ్డల్లో చుట్టి, గుడిలోని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. మళ్ళీ ఏడాదిదాకా దేవుళ్ళకు విశ్రాంతి. మా ఆయన తియెన్‌గుయ్ ఉరుముల దేవుడి మొహం కట్టుకుని ఆడతాడు. అది కట్టుకున్నంతసేపూ ఆయనకు ఆలుబిడ్డలెవరూ ఉండరు. నేను వాకిట్లో మోకరిల్లినా నా వంక చూడడు. చూస్తే దేవుడు దిగిపోతాడట.

నాన్‌చాంగ్ పట్నం నుంచి ఒయాంగ్ మాస్టారు ఏటా వచ్చి ఆ ఆట ఫొటోలు తీస్తాడు. మా గోడ నిండా ఆయన ఇచ్చినవే. అన్నిట్లోనూ కోరలూ, మిడిగుడ్లూ. లోపలున్న మనిషి ఒక్కదాంట్లోనూ లేడు. గుర్తింపు కార్డు మీద ఒక బొమ్మ ఉంది గానీ, అందులో కోళ్ళు దొంగిలిస్తూ దొరికినవాడిలా ఉంటాడు.

ఈ ఏడు ఆయనకు దగ్గితే రక్తం పడుతోంది. వేసవి దాటడం కష్టమని డాక్టరు చెప్పాడు. రేపు ఆయన పోతే పెద్దల పీఠం మీద ఎవర్ని పెట్టుకోను, ఉరుముల దేవుణ్ణా? ఫొటో మాటెత్తితే, "బతికుండగానే నాకు అగరొత్తులు వెలిగిస్తావుటే?" అని విరుచుకుపడేవాడు.

వానలకు రోడ్డు తెగి, మాస్టారు ఈసారి పెట్టె మూశాక వచ్చాడు.

"ఒక్కసారి తెరవండి పెద్దన్నా. వెలుతురు ఎంత బాగుందో చూడండి."

"నన్నడిగితే ఏం లాభం? దేవుణ్ణడగాలి."

మా ఆయన గుడిలో రెండు కొయ్యబద్దలు నేల మీదికి వదిలాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే దేవుడు సరేనన్నట్టు. రెండూ బోర్లా పడ్డాయి. మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. మూడోసారి రెండూ వెల్లకిలా పడ్డాయి, అంటే దేవుడు నవ్వుతున్నాడని.

"నవ్వాక ఇంక అడగకూడదు మాస్టారూ," అన్నాడు మా ఆయన.

మాస్టారు ఆముదం తాగిన మొహంతో మా ఆయన వెంట ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు. నా మొక్కు ఫలించింది. ఇక ఊరుకుంటానా?

"అంతదూరం నుంచి వచ్చి ఖాళీ రీలుతో పోతారేంటి మాస్టారూ? ఈయన మొహం తియ్యండి."

"నా మొహం ఎవడిక్కావాలే?"

"నాక్కావాలి," అన్నాను. ఇంకేమైనా అంటే ఏడ్చేసేదాన్ని.

ఆయన పీట మీద కూర్చున్నాడు. ఆ మొహాన్ని ఏం చేయాలో తెలియక బుగ్గలు బిగించాడు, కళ్ళు ఉరిమాడు. కణతల మీద కొయ్యమొహం తాడు ఒరుసుకున్న గాడి ఇంకా ఉంది.

"కాస్త మామూలుగా ఉండండి పెద్దన్నా. ఇటు చూడండి."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి, "గుండీ పెట్టుకో ముసలోడా, పెళ్ళికొడుకువనుకుంటున్నావా?" అన్నాను. అప్పుడే కెమెరా టిక్కుమంది.

ఆవ కోతలయ్యాక ఆయన పోయాడు. మాస్టారు పటం కట్టించి తనే తెచ్చాడు. నా చేతికిస్తూ తల వంచుకున్నాడు.

"ఏమనుకోకు వదినా. కెమెరా వంక చూడలేదు. కళ్ళు పక్కకి పోయాయి."

"ఆ పక్కన నేనున్నాను మాస్టారూ," అన్నాను.