మలుపు మరిచిన లెక్క

నందిగామ హైస్కూల్లో లెక్కల మాస్టారు కుటుంబరావుకు సుద్దముక్కతో తేలని సంగతంటూ లోకంలో లేదని గట్టి నమ్మకం. 1978లో ఆ నమ్మకం, ఆయన అద్దెకుంటున్న ఇంటివారి ఎద్దుల మీద పడింది.

ఇంటాయన వెంకటరత్నానికి బండలాగుడు పందేల పిచ్చి. జగ్గయ్యపేట తిరునాళ్లలో ఆయన జత వరసగా రెండేళ్లు ఓడింది. ఈసారీ ఓడితే ఎద్దుల్ని అమ్మేస్తానని భార్య సీతారావమ్మకు మాటిచ్చాడు. ఇచ్చాడనేకంటే ఆవిడ ఇప్పించుకుందనడం సబబు. కొనేవాణ్ణి కూడా అప్పుడే మాట్లాడి పెట్టింది. పాపం, వెంకటరత్నానికి అన్నం సయించడం మానేసింది.

మాస్టారికి జాలేసి రంగంలోకి దిగాడు. ఎద్దులు చేలో బండ లాగుతుంటే చేతి గడియారం పట్టుకుని వెంట పరిగెత్తాడు. నిమిషానికి నూట ఎనభై అడుగులు తేలింది. పశువుల కొట్టం గోడ మీద "దూరం = 180 × కాలం" అని రాసి, పక్కనే ఏటవాలుగా ఓ గీత గీశాడు.

"పందెం ఇరవై నిమిషాలు. అంటే మూడువేల ఆరువందల అడుగులు! పేటవాళ్లు పోయినేడు లాగింది మూడువేల మూడువందలేనండీ. మీరిక నిశ్చింతగా భోంచెయ్యండి."

కుడితి పెడుతున్న సీతారావమ్మ గోడకేసి చూసింది.

"గీత తిన్నగానే పోతోంది మాస్టారూ. బరి పొడవు రెండొందల అడుగులేగా? ఆ చివరికెళ్లాక ఎద్దులు వెనక్కి తిరగొద్దా? మనవి తిరగడానికే పావు నిమిషం తింటాయి."

మాస్టారి ముఖం మాడిపోయింది. మలుపులు కలిపి లెక్కేస్తే మూడువేలు కూడా రాలేదు. ఇక బండ లాగించడం కట్టిపెట్టి, పది రోజులపాటు ఎద్దులకు తిరగడమే నేర్పించారు. పావు నిమిషం కాస్తా ఐదు సెకన్లకు దిగింది. గోడ మీద 3360 వెలిసింది.

పందెంలో పేట జత 3296 అడుగులు లాగింది. వెంకటరత్నం జత 3304. జనం కేకలతో బరి దద్దరిల్లింది. మాస్టారు మాత్రం మిగతా యాభై ఆరడుగులూ ఏమయ్యాయా అని ఇంటిదాకా వేళ్లు లెక్కపెట్టుకుంటూనే వచ్చాడు.

"అవి ఎద్దుల అలసట కింద వదిలెయ్యండి మాస్టారూ" అంది సీతారావమ్మ, వాటి కాళ్లకు వేణ్ణీళ్ల కాపడం పెడుతూ.

వెంకటరత్నం మెల్లిగా భార్య పక్కకు చేరాడు. "గెలిచాంగా... ఆ కొనేవాణ్ణి రావద్దని కబురు పెట్టనా?"

"పోయిన వారమే పెట్టా" అంది ఆవిడ తలెత్తకుండా. "ఓడితే మాత్రం, వీటిని ఎవడికో తోలిచ్చి నేనీ ఇంట్లో ఉండగలనా?"