నవ్య బంద్

సిరిసిల్లలో పుట్టిన పిల్లకు మాటలకంటే ముందు సాంచాల మోత తెలుస్తుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. అవి నడిచినంతసేపూ పక్క మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. ఆ మోతే అన్నం పెడుతుంది కాబట్టి దాన్ని ఎవరూ తిట్టరు. రాధమ్మ ఒక్కతే తిడుతుంది.

ఆమెకు ఆ హక్కుంది. ఏళ్ల కిందట ఆమె బిడ్డ నవ్య, ఇంకా బడికి పోని పిల్ల, గడప ముందు ఆడుకుంటూ కనబడకుండా పోయింది. రాధమ్మ గల్లీ పొడుగునా గొంతు చించుకుని అరిచింది. ఒక్క షెడ్డులోనూ ఆ అరుపు వినపడలేదు. జనానికి తెలిసేసరికి అంతా అయిపోయింది. పోలీసులు వెతికారు, కోరుట్ల, జగిత్యాల బస్టాండ్లలో ఫొటోలు అంటించారు. ఫొటోలు ఎండకు వెలిసిపోయాయి. పిల్ల జాడ నేటికీ లేదు.

ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక రాధమ్మ షెడ్డు షెడ్డుకూ తిరిగి ఒక్కటే అడిగింది. పిల్ల కనబడకపోతే అరవడం కాదు, సాంచాలు ఆపండి. ఒక షెడ్డు ఆగితే పక్క షెడ్డుకు తెలుస్తుంది, వాళ్లూ ఆపి బయటికొస్తారు. నేతగాళ్లకు మోత వినపడదు గానీ మోత ఆగితే ప్రాణం ఉలిక్కిపడుతుంది. పిల్ల దొరికాక తల్లే 'దొరికింది' అని కేకేయాలి, అప్పటిదాకా ఏ సాంచా నడవొద్దు. జనమే దానికి నవ్య బంద్ అని పేరు పెట్టుకున్నారు. కోరుట్లకూ జగిత్యాలకూ కోడళ్లుగా వెళ్లిన ఇక్కడి ఆడపిల్లలు దాన్ని వెంట తీసుకెళ్లారు. సిరిసిల్ల నుంచి ఫోనులో కబురు అందితే చాలు, కోరుట్ల బస్టాండులో ఆటోలు ఆగిపోతాయి, జగిత్యాలలో దుకాణాల షట్టర్లు సగం దిగుతాయి. వచ్చే బస్సు, పోయే బస్సు, అందరి కళ్లూ వాటి మీదే.

ఇంత చక్కటి కట్టుబాటుకు ఈ మధ్య ఒక పెద్దమనిషి అడ్డం తగిలాడు. పేరు జలపతి. గల్లీ నడుమ కొత్త షెడ్డు వేశాడు. పోయిన వారం ఒక పిల్ల కోసం అందరూ సాంచాలు ఆపితే, ఆ పిల్ల మంచం కింద నిద్రపోతూ దొరికింది. ఊరంతా నవ్వుకుంది, జలపతికి మాత్రం ఒళ్లు మండిపోయింది.

"నడుమల ఆపితే బట్ట మీద పట్టీ పడి మాల్ ఖరాబైతది. ఇగ నా షెడ్ల ఎవ్వలు ఆపుతరో నేనూ సూస్త," అని మెయిన్ స్విచ్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎండ రేకుల్ని కాల్చేస్తోంది. రాధమ్మ అరుగు మీద నూలు కండెలు చుడుతుంటే పక్కింటి రమ గల్లీలో ఇటొకసారి అటొకసారి తిరగడం కనిపించింది. మొహంలో నెత్తురు లేదు. రాధమ్మ చేతిలో కండె వదిలేసి లేచింది.

"ఏమైందే?"

"మోక్షిత కనవడ్తలేదు పెద్దమ్మా. ఇంట్ల సూసిన, మిద్దె మీద సూసిన. మల్లా ఆపిస్తే జలపతి సేటు తిడ్తడని..."

"వాని తిట్లకు భయపడి బిడ్డను పోగొట్టుకుంటవా?" రాధమ్మకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంట్లోకి పరుగెత్తి ముందు తన సాంచాలు ఆపించింది. ఆమె భర్త రాజమౌళి ఏమిటని అడగలేదు, వీధిలోకి ఉరికాడు. కానీ ఆ నిశ్శబ్దాన్ని జలపతి షెడ్డు మోత మింగేసింది. అవతలి షెడ్లకు ఏమీ తెలియలేదు.

రాధమ్మ నేరుగా జలపతి షెడ్డులోకి నడిచింది. జలపతి తాళం చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆమె అతని వైపు మళ్లీ చూడలేదు. సాంచాల నడుమ నిలబడి, అరచేయి తన నడుము పక్కన, మూడేళ్ల పిల్ల తల ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తులో పట్టింది. అంతే. ఆ మోతలో అంతకంటే చెప్పడానికి వీల్లేదు.

ముసలి సమ్మయ్య చూశాడు. మెయిన్ స్విచ్‌కు తాళముంటేనేం, సాంచా సాంచాకూ ఆపే హ్యాండిల్ ఉంటుంది కదా. తనది లాగేశాడు. పక్కవాడు లాగాడు, ఆ పక్కవాడు లాగాడు. జలపతి నోరు తెరిచే లోపు షెడ్డంతా ఆగింది. అవతలి షెడ్లు ఆగాయి, ఆపై గల్లీలు ఆగాయి. సిరిసిల్ల ఊపిరి బిగబట్టింది.

అప్పుడు వినపడింది, సన్నటి ఏడుపు. షెడ్డు వెనక, జలపతి గోదాంలోంచి.

కాసేపటి కిందట బట్ట మూటలు లోపల పెడుతుంటే పిల్ల వాటి వెనక దూరింది. ఎవరూ చూసుకోలేదు, తాళం వేసేశారు. జలపతి గుత్తిలో ఏ చెవిదో తెలియక ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నాడు. సమ్మయ్య గుత్తి లాక్కుని తలుపు తెరిచాడు. లోపలి వేడి నిప్పుల కొలిమిలా మొహానికి కొట్టింది. చెమటతో తడిసి ముద్దయిన పిల్లను ఎత్తుకొచ్చి, నీళ్లు తాగించి, రమ చేతుల్లో పెట్టారు.

"నా పాపం నా కండ్ల ముంగటికే వచ్చింది రాధక్కా," అన్నాడు జలపతి. పిల్లవైపు చూడలేకపోయాడు.

ఊరు ఎదురుచూస్తోంది. తల్లి కేక వేయాలి. రమ బిడ్డను గుండెకు అదుముకుని నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది. "నువ్వను పెద్దమ్మా," అని సైగ చేసింది.

ఎన్ని బందుల్లో ఎందరు తల్లులు ఆ మాట అనగా రాధమ్మ విన్నదో! తనకు మాత్రం ఒక్కసారి కూడా అనే భాగ్యం రాలేదు. నవ్యను వెతికిన రోజు నుంచి ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. గల్లీ నడుమకు వచ్చి, రెండు చేతులూ పైకెత్తి, ఉన్న బలమంతా కూడగట్టుకుని కేక వేసింది.

"దొరికిందీ!"

గల్లీ గల్లీ ఆ మాట అందుకుంది. ఒక్కొక్క సాంచా మళ్లీ మొదలైంది. మొట్టమొదటిసారి రాధమ్మ ఆ మోతను తిట్టలేదు.

కోరుట్లకు కోడలిగా వెళ్లిన పిల్ల దగ్గరి నుంచి ఫోను మోగింది. "ఆటోలు ఆపినం అత్తమ్మా, బస్సులన్నీ సూస్తున్నం. దొరికిందా? ఎవల బిడ్డ?"

"దొరికింది," అంది రాధమ్మ కళ్లు తుడుచుకుంటూ, "నా బిడ్డ."