పోయొస్త అనని కెప్టెన్

మక్తల్ పాత బస్టాండు వెనక గల్లీల పొద్దున ముందుగాల వినవడేది కోమల షట్టర్ సప్పుడు. షట్టర్ లేపుతది, ముంగట చెంబెడు నీళ్లు చల్లుతది, మిషన్‌కు నూనె పోస్తది, ఇగ పొద్దుగూకేదాక జాకెట్లే జాకెట్లు. ఎదురు షాపు బెంజమిన్‌ది. ఒకప్పుడు టీవీలు బాగుచేసెటోడు. ఇప్పుడు చెడిపోయిన టీవీని ఎవలు మోసుకొస్తరు, అందుకే సెల్లు కవర్లు అమ్ముతడు. ఇద్దరూ ఒక్క క్లాసుల చదివినోళ్లే. అయినా ఎదురుబొదురు కూసొని ఒక్క మాటన్న లేకుండ దినం గడిచిన రోజులు ఎన్నో. మాటకు పని ఉండాలె గద.

కోమలకు పెండ్లి కాలే, ఆమెకు దాని ఫికరూ లేదు. కని పోయినేడు తల్లి చనిపోయినంక ఒక్కటి తక్కువైంది. పొద్దున ఇంటికి తాళమేసేటప్పుడు "పోయొస్త" అందామంటే లోపల మనిషి లేదు. మన దిక్కు ఎవలన్న గడప దాటుతూ "పోత" అంటరా? అంటే పెద్దోళ్లు ఊకుంటరా? పోయొస్త అనాలె, లోపలి మనిషి "పైలం" అని జాగ్రత్త చెప్పాలె, అప్పుడు కాలు బయటపెట్టాలె. ఆ మాట రోజూ కోమల నోట్లెనే ఉండిపోయేది, కరగని పిప్పరమెంటు బిళ్ల లెక్క.

నల్గొండల కరెంటాఫీసుల పనిచేసే తమ్ముడు గిరి ఫోన్ల ఒకటే పోరు పెడ్తుండె. "అక్కా, ఒక్కదానివే ఆడ ఏం జేస్తవ్? మా ఇంటి మీద రూం ఖాళీగనే ఉంది. మిషన్ ఈడ పెట్టుకో." ఆఖరికి కోమల సరే అన్నది. సోమారం పొద్దున ట్రాలీ ఆటో మాట్లాడింది. కుట్టుడుకు కొత్త బట్టలు తీసుకునుడు బంద్ చేసింది.

గా వారంలనే సత్యకీర్తి చనిపోయిండు.

ఇప్పటి పోరగాండ్లకు సత్యకీర్తి ఎవరో ఎరుకలేదు. టీవీల ఒక్కటే చానల్ వచ్చే దినాలల్ల, ఆదివారం పొద్దున 'గగన గస్తీ' అని సీరియల్ వస్తుండె. అండ్ల కెప్టెన్ విహారి వేషం ఆయనదే. వెండి రంగు సూటేసుకొని చుక్కల నడుమ ఓడ నడిపెటోడు. గల్లీ మొత్తానికి టీవీ బుచ్చయ్య ఇంట్లనే. జనం గడప దాక కూసునేది. చిన్నప్పటి బెంజమిన్ మాత్రం మిద్దె మీద ఏంటెనా తిప్పుకుంట ఉండెటోడు. కింద నుంచి బుచ్చయ్య "వచ్చిందా?" అని, పై నుంచి బెంజమిన్ "వచ్చిందా?" అని, ఒకరినొకరు అడుగుకునుడే. బొమ్మ నిలబడాలంటే వాడు ఏంటెనా పట్టుకొని నిలబడాలె. అందుకని ఊరందరికంటె పెద్ద అభిమాని బెంజమిన్ ఒక్క భాగం సుత చూడలే. అన్నీ విన్నడు.

ఆ సీరియల్ నడుమనే ఆగిపోయింది. ఆఖరి భాగంల విహారి ఓడ తలుపు తెరిచి "వెళ్తున్నాను" అని చీకట్ల అడుగు పెట్టిండు, గంతే. మళ్ల రాలే. బుచ్చయ్య భార్య నర్సింగమ్మ ఆనాడే టీవీని కోప్పడ్డది. "వెళ్లొస్త అనాలె బిడ్డా, వెళ్తున్న అంటరా? ఇగ ఎట్లొస్తవ్?" గల్లీకి గల్లీ గిదే మాట నమ్మింది.

చావు కబురు ఫోన్ల చూసిన బెంజమిన్ షాపు దిగి, రోడ్డు దాటి, కోమల ముంగట నిలబడ్డడు.

"విహారి పోయిండు," అన్నడు.

కోమల మిషన్ ఆపింది.

"మూడొద్దుల నాడు పిట్టకు పెడ్దాం," అన్నడు బుచ్చయ్య సంగతి తెలిసినంక. "ఆయనకు ఈడ మనం తప్ప ఎవలున్నరు?"

"మా చర్చిల పిట్టకు పెట్టుడు లేదు కాకా," అన్నడు బెంజమిన్.

"కాకికి నీ చర్చి ఎరుకనా, నా గుడి ఎరుకనా? అన్నం ఎరుక. రా నువ్వు."

ఆదివారం పొద్దున బుచ్చయ్య మిద్దె మీదికి నలుగురే ఎక్కిండ్రు. ఒకప్పుడు గల్లీ పట్టనంత మంది. చనిపోయినోళ్లకు ఇష్టమైనయి పెట్టాలె, పిట్ట వచ్చి ముట్టాలె. ముట్టకపోతే పోయినోళ్లకు ఏదో కోరిక మిగిలినట్టు. మరి ఆయనకేం ఇష్టం?

"గోళీలు," అన్నది కోమల. "ఓడల అన్నం బదులు మందు గోళీలే మింగెటోడు. ఇంకేం తినంగ చూడలే."

"అవు, మింగి నీళ్లు తాగిన సప్పుడు నేను సుత విన్న," అన్నడు బెంజమిన్.

ఆయన సత్యకీర్తా, విహారా అని ఎవలకూ అనుమానం రాలే. మందుల దుకాణంల బలం గోళీలు తెచ్చి, విస్తరిల అన్నం పక్కన పోసిండ్రు. నర్సింగమ్మ ఎవలి మాట వినక పుల్లటి పుంటికూర, జొన్నరొట్టె గిన్నెల తెచ్చింది గని పక్కకే పెట్టింది. బుచ్చయ్య జేబు తడుముకొని తన బీపీ గోళీ సుత ఒకటి ఏసిండు.

"నీది ఎందుకయ్యా?" అన్నది నర్సింగమ్మ.

"అంత ఎత్తుల తిరిగెటోడు, ఉండదా మరి బీపీ?"

కాకి వచ్చింది. వచ్చి పాత ఏంటెనా మీద కూసున్నది. తల అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, దిగలే. కోరిక తీరుస్తమన్నరు, దండం పెట్టిండ్రు. దిగలే. బెంజమిన్‌కు ఏం తోచిందో, లేచి ఏంటెనా పట్టుకొని మెల్లగ కృష్ణా నది దిక్కు తిప్పిండు. కాకి దానితోనే తిరిగింది. బుచ్చయ్య అలవాటుకొద్ది అడిగిండు.

"వచ్చిందా?"

కోమల పిట్టగోడ మీది నుంచి గల్లీలకు చూస్తాంది.

"వచ్చిండు," అన్నది.

వెండి సూటుల, మోచేయి దగ్గర చినిగి, బూట్ల మీద ఎర్రమట్టితోటి, కెప్టెన్ విహారి మెట్లెక్కి వస్తుండె. మనిషి పోయిండు, వేషం మిగిలింది. మిగిలినంక ఎటన్న పోవాలె గద.

"రండి కెప్టెన్ సాబ్. మస్తు ఆలస్యమైంది," అని బుచ్చయ్య జరిగి జాగా ఇచ్చిండు.

బెంజమిన్ కండ్లార్పకుండ చూసిండు. "గింత పొడుగుంటవనుకోలే," అన్నడు నిమ్మలంగ.

విహారి విస్తరి చూసి మొకం పక్కకు తిప్పుకున్నడు. "దయచేసి గోళీలు వద్దు," అన్నడు టీవీ తెలుగుల. "అన్నీ అవే తిన్నాను."

నర్సింగమ్మ అప్పటికే రొట్టె తుంచి పుంటికూర ఏస్తాంది. ఆయన తిన్నడు. నాలుగు ముద్దలకు ముక్కు కారింది, అయినా ఆపలే. ఆయన చేతిలకెళ్లి ఒక తునక పడ్డది. కాకి దిగి ముట్టింది.

"ఒక్క మాట అడుగుత," అన్నది నర్సింగమ్మ. "వెళ్లొస్త అని ఎందుకనలేదు బిడ్డా ఆనాడు?"

ఆయన చెయ్యి ఆగింది. "ఓడలో ఎవరూ లేరమ్మా. అనాలంటే వినే మనిషి ఉండాలి కదా."

కోమల తల దించుకున్నది. తర్వాత లేచి, "కిందికి రండి, మోచెయ్యి కాడ కుట్టి ఇస్త," అన్నది.

షాపుల సూటుకు అతుకెయ్యనీకి ఆమెకు దొరికింది పండుగ జాకెట్ల మిగిలిన జరీ ముక్క. అతుకు పడ్డ దగ్గర పూలొచ్చినయి. విహారి స్టూలు మీద కూసొని కట్టిపెట్టిన మూటలు చూసిండు, గోడ మీద తీసేసిన అద్దం మచ్చ చూసిండు. అడిగింది కోమలనే.

"ఎటు పోతరు ఇప్పుడు?"

"తెలియదు. మిగతా కథ ఎవరూ రాయలేదు. నడిచి చూస్తాను."

సూటేసుకొని గడప కాడ నిలబడ్డడు. బయట అడుగు పెట్టబోయి ఆగి, ఎనుకకు తిరిగిండు. ఈసారి టీవీ తెలుగు కాదు.

"కోమలమ్మా, పోయొస్త."

"పైలం," అన్నది కోమల. గడప కాడ ఒకరితోటి గా మాటలు అనుకొని ఏడాదైతుంది, గొంతు కొత్తగ వినవడ్డది ఆమెకే. కృష్ణ రోడ్డు మీద జరీ పూలు ఎండకు మెరుసుకుంట మెరుసుకుంట పోయినయి.

సోమారం పొద్దున ట్రాలీ ఆటో వచ్చింది. కోమల వాపస్ పంపింది. తమ్మునికి ఫోన్ చేసింది.

"గిరీ, నేను రాను. ఒకాయన నాకు పోయొస్తనని చెప్పి పోయిండు."

"ఎవలక్కా?"

"కెప్టెన్ విహారి."

గిరి సుత బుచ్చయ్య గడప కాడ కూసొని పెరిగినోడే.

"అయితే నువ్వు ఆడ ఉండాలె అక్కా," అన్నడు.

మూటలిప్పింది, అద్దం దాని మచ్చ మీదనే తగిలించింది. పొద్దుగూకంగ ఎదురు షట్టర్ దిగిన సప్పుడైంది. రోజూ అయితే బెంజమిన్ తాళమేసి తల వంచుకొని పోతడు. ఆరోజు పోలే. రోడ్డు నడుమ నిలబడ్డడు. ఒక బండి హారన్ కొట్టి పక్కకెళ్లి పోయింది.

"కోమలా," అన్నడు. "పోయొస్త."

కోమల మిషన్ మీది నుంచి కాలు తీసింది. చక్రం జరసేపు దానంతటదే తిరిగి ఆగింది.

"పైలం," అన్నది.