కరియ మొకం

రక్తం వాసన. పచ్చి శెనిక్కాయల వాసన. రెండూ పుట్టమ్మ కొంగులోనే.

ఆ కొంగులో కరియ మొకం ఉండాది.

చేన్లో అడవిపంది ఆమె మీదికొచ్చింది. కుక్క కరియ అడ్డం దూకినాడు. అంతే... పంది కోరకు చెంప, పైపెదవి చీలిపోయినాయి. పళ్ళు బయటపడినాయి. అయ్యో, నగుతాండాడో ఏడస్తాండాడో తెలీని మొకం!

మొగుడు బయ్యప్ప బండి కట్టినాడు. కుక్కకు ఆస్పత్రా అని ఊరు నగింది. నగనీ.

చింతామణి టౌనులోని పశువుల డాక్టరు ఎద్దుల కాళ్ళు, ఆవుల పొదుగులు చూసేవాడు. కుక్క మొకం ఎప్పుడూ కుట్టలేదంట. అయినా మత్తిచ్చినాడు. మెడకాడ తోలు కోసి, ఒక కొస మెడకే ఉంచి, మళ్ళించి చెంపకు కప్పినాడు. ఎంత సన్న కుట్లు! రవికె కుట్టినట్టు కుట్టినాడు.

"ఈ తోలు అతుక్కుంటే బతుకుతాడమ్మా. నమిలేదేమీ పెట్టొద్దు. మింగేదే పెట్టు."

"అట్లే సామీ."

మింగేది...

ఈ సీమలో రాగిసంగటి ఎవరు నమిలేరు? పసిబిడ్డ కూడా నమలడు. తుంచి, చారులో అద్ది, గుటుక్కున మింగడమే. పళ్ళు లేని అత్తను కూడా పుట్టమ్మ సంగటి పెట్టే సాకింది.

వట్టి గంజితో కరియ ఎముకలు తేలినాయి. సంగటి మెత్తగా కెలికింది. చల్లారబెట్టింది. నెయ్యి పూసింది. తన చేత్తోనే పెట్టింది.

కుక్క మనిషి కాదే! వాడు కొరికినాడు. సంగటి బంక మాదిరి అంగిట్లో పట్టుకునింది. వదిలించుకునేకి కాలితో గీరినాడు. గీరినాడు... గీరినాడు...

కుట్లు తెగినాయి. తోలు వేలాడింది.

"వద్దురా నాయనా, వద్దురా!" పుట్టమ్మ ఆ కాలు పట్టుకుని ఏడ్చింది.

మళ్ళీ బండి. మళ్ళీ చింతామణి.

డాక్టరు తోలు ఎత్తి చూసినాడు. నల్లబడిపోయి ఉండాది.

"ఏం పెట్టినావమ్మా?"

"మింగేదే సామీ... సంగటి."

ఆయన తిట్టలేదు. తిట్టింటే బాగుండు. చేతులు కడుక్కొని తుడుచుకున్నాడు.

"నేనూ సంగటి తిని పెరిగినోడినే. కుక్క దాన్ని కొరుకుతాదని నేనే ముందు చెప్పాల్సింది. ఇంక కుట్టేకి తోలు లేదమ్మా."

ఇంటికొచ్చినారు. ఎవరూ పొయ్యి ముట్టించలేదు.

కరియ తోక ఆడిస్తా లేచి వచ్చినాడు. ఆమె మీద కోపమే లేదు వాడికి! ఆకలి ఉండాది, అంతే. ముద్ద పెట్టిన ఆ చేతినే నాకేకి చూస్తాండాడు. నాలుక నిలవక పక్కకు జారిపోతాండాది. మళ్ళీ చాపుతాండాడు... మళ్ళీ జారుతాండాది.

ఆ చెయ్యి యాడ పెట్టుకోవాల్నో పుట్టమ్మకు తెలీలేదు.